ఆటకి ధర పెట్టాలా, "మీకు తోచినంత ఇవ్వండి" అనాలా? మీ సలహా కావాలి

అంకుడుకర్ర · శుక్రవారం రాత్రి 10:52

అందరికీ నమస్కారం. ఇక్కడ చాలా రోజులుగా చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి. పగలు హైదరాబాదులో టెస్టింగ్ ఉద్యోగం. రెండున్నరేళ్ళుగా రాత్రిళ్ళూ ఆదివారాలూ కూర్చుని ఒక చిన్న ఆట చేశాను, పేరు "లక్క". ఏటికొప్పాక బొమ్మలు చేసే పనే ఆట. అంకుడు కర్ర తిరుగుతూ ఉంటుంది, ఉలి ఎంత ఆనిస్తే అంత చెక్కు లేస్తుంది, ఆకారం వచ్చాక లక్క కడ్డీ ఆనిస్తే రాపిడి వేడికి కరిగి రంగు పట్టుకుంటుంది, చివర్లో మొగలి ఆకుతో రుద్దితే మెరుపొస్తుంది. మొత్తం ఏడు బొమ్మలు, ఆడితే యాభై నిమిషాలు. సంగీతం నా స్నేహితుడు చేశాడు, ఇంతవరకు వాడికి ఒక్క రూపాయి ఇవ్వలేదు.

ఇప్పుడు ధర దగ్గర ఆగిపోయాను. ఉచితంగా పెడితే రెండున్నరేళ్ళ పనికి నేనే విలువ లేదని చెప్పినట్టు ఉంటుంది. 199 పెడితే యాభై నిమిషాల ఆటకి ఎవరిస్తారని భయం. చిన్న ఆటలు పెట్టే సైటు ఇచ్.ఐవోలో "ఎంతైనా ఇవ్వండి" అనే పద్ధతి ఉంది కదా, అది ఎవరికైనా నిజంగా పనిచేసిందా? మీలో ఎవరైనా చేసి చూశారా?

రెండోజాము · శుక్రవారం రాత్రి 11:20

ముందు అభినందనలు. ఆట పూర్తి చేసినవాళ్ళు తక్కువ, మొదలుపెట్టినవాళ్ళమే ఎక్కువ.

దీనికి అందరూ చెప్పుకునే పాత ఉదాహరణ వరల్డ్ ఆఫ్ గూ. 2డీ బాయ్ అని ఇద్దరే ఇద్దరు చేసిన ఆట, 2008లో వచ్చింది, మామూలు ధర 20 డాలర్లు. ఏడాది నిండిందని 2009 అక్టోబరులో తమ సైట్లో ఒక వారం మీ ఇష్టం వచ్చినంత ఇచ్చి తీసుకోండి అన్నారు. ఆ వారంలో దాదాపు 57,000 మంది కొన్నారు, సగటున మనిషికి 2 డాలర్లు పడింది. లెక్కలన్నీ వాళ్ళే బయటపెట్టారు, దాచుకోలేదు.

కోడ్‌కాపరి · శుక్రవారం రాత్రి 11:31

ఆ కథలో సగమే చెప్పారు. అందులో అందరికంటే ఎక్కువమంది ఇచ్చిన మొత్తం ఒక్క సెంటు. అంటే డాలర్లో నూరో వంతు. డబ్బు చేరవేసే పేపాల్ కంపెనీ ఫీజు అంతకంటే ఎక్కువ, కాబట్టి ఆ సెంటులో వాళ్ళ చేతికి ఏమీ రాలేదు. 20 డాలర్ల ఆటని ఒక్క పైసాకి తీసుకెళ్ళినవాళ్ళు వేలల్లో ఉన్నారు. మనుషుల మంచితనం మీద వ్యాపారం పెట్టుకోకు తమ్ముడూ, ధర పెట్టు. చిన్నదో పెద్దదో ఒక ధర ఉండాలి. ఇది కడుపు కాలిన అనుభవంతో చెప్తున్నాను.

రెండోజాము · శుక్రవారం రాత్రి 11:44

కాపరి అన్నా, సెంటు సంగతి నిజమే, కాదనను. కానీ ఇంకో రెండు విషయాలు కూడా చూడాలి. అప్పటికి ఆట వచ్చి ఏడాదైంది, కొనాల్సినవాళ్ళు పూర్తి ధరకి ముందే కొన్నారు. ఇది మిగిలినవాళ్ళ కోసం వేసిన వల. రెండోది, అదే వారం స్టీమ్‌లో, అంటే ఆటలు అమ్మే పెద్ద ఆన్‌లైన్ దుకాణంలో, పూర్తి ధరకి అమ్మకాలు 40 శాతం దాకా పెరిగాయని వాళ్ళే రాశారు. పక్క సైట్లో పైసాకి దొరుకుతున్న వారంలోనే ఇక్కడ పూర్తి ధరకి కొన్నారు. ఊళ్ళో అందరూ ఆ ఆట గురించి మాట్లాడుకుంటే అలా ఉంటుంది మరి.

అంకుడుకర్ర · శుక్రవారం రాత్రి 11:58

అంటే పేరున్న ఆటకి పనిచేస్తుంది. నా ఆట పేరు మా ఇంట్లోవాళ్ళకి, ఇప్పుడు మీకు తెలుసు, అంతే. అలాంటప్పుడు ఎలా?

చిత్రలేఖ_వైజాగ్ · శనివారం ఉదయం 7:15

నేను బొమ్మలు గీస్తాను, మూడు ఆటలకి బ్యాక్‌గ్రౌండ్లు చేశాను. రాత్రి ఈ చర్చ దారం చదివి పడుకుంటే మా అమ్మమ్మగారి ఊళ్ళో హరికథ గుర్తొచ్చింది. టికెట్ ఉండదు, ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు. కథ మంచి పట్టులో ఉండగా ఆపి హారతి పళ్ళెం తిప్పుతారు. అది కూడా తోచినంత ఇవ్వడమే కదా. కానీ ఎవరూ ఒక్క పైసా వేసి ఊరుకునేవాళ్ళు కాదు. ఎందుకంటే పళ్ళెం పట్టుకున్న మనిషి ఎదురుగా ఉంటాడు, పక్కింటివాళ్ళు చూస్తుంటారు, పైగా దాసుగారు మైకులో "ఫలానావారు నూట పదహార్లు సమర్పించుకున్నారు, వారి కుటుంబం చల్లగా ఉండాలి" అని చదువుతారు. పెళ్ళి చదివింపులు కూడా అంతే. ఇచ్చేది మనిష్టం, కానీ నలుగురిలో ఇస్తాం.

వెబ్‌సైటులో ఒక ఖాళీ పెట్టె పెట్టి ఇందులో అంకె వేయండి అంటే అక్కడ పళ్ళెమూ లేదు, దాసుగారూ లేరు. ఒక్క సెంటు ఇచ్చారంటే వాళ్ళు చెడ్డవాళ్ళని అనిపించడం లేదు నాకు. వాళ్ళకి అవతల మనిషి కనబడలేదు.

మంచులోమామిడి · శనివారం ఉదయం 8:02

చిత్రలేఖగారూ, చదివింపులు అన్నారు చూడండి, నాకు వెంటనే హంబుల్ ఇండీ బండిల్ గుర్తొచ్చింది, చిన్న ఆటలు కొన్ని కట్టగా కట్టి అమ్మడం. మాది గుడివాడ దగ్గర పల్లెటూరు, చదువుకోడానికి టొరంటో వచ్చి ఇక్కడే ఉండిపోయాను. 2010 మే నెలలో మొదటి బండిల్ వచ్చినప్పుడు నేను కొన్నాను. ఆ పేజీ ఇప్పటికీ కళ్ళముందుంది. వరల్డ్ ఆఫ్ గూ, అక్వేరియా, గిష్, లుగారు, పెనంబ్రా, ఐదు ఆటలు. ఎంతిస్తారో మీ ఇష్టం. అంకె వేశాక కింద జరిపే గడులు ఉండేవి, మీ డబ్బులో ఎంత ఆట చేసినవాళ్ళకి, ఎంత చైల్డ్స్ ప్లే అనే పిల్లల ఆసుపత్రుల సేవాసంస్థకి, ఎంత ఈఎఫ్ఎఫ్ అనే డిజిటల్ హక్కుల సంస్థకి వెళ్ళాలో మీరే జరిపి పంచొచ్చు. నేనైతే పది నిమిషాలు అటూ ఇటూ జరుపుతూ కూర్చున్నాను. ఆ పది నిమిషాల్లో నేను వేసిన అంకె 5 నుంచి 12కి పెరిగింది, ఎవరూ అడగలేదు!

ఆ పేజీలోనే విండోస్ వాళ్ళ సగటు ఎంత, మ్యాక్ వాళ్ళది ఎంత, లినక్స్ వాళ్ళది ఎంత అని ఎప్పటికప్పుడు మారుతూ కనబడేది. లినక్స్ వాళ్ళు 14 డాలర్ల పైన, విండోస్ వాళ్ళు 8 డాలర్ల దగ్గర. లినక్స్ వాళ్ళకి ఆటలు ఎవరూ చేసేవాళ్ళు కాదు అప్పట్లో, చేసినవాళ్ళు కనబడగానే మా పరువు నిలబెట్టాలని ఇచ్చారు. ఎక్కువ ఇచ్చినవాళ్ళ పేర్ల పట్టిక కూడా ఉండేది. అచ్చం చదివింపులే. మొత్తం 12 లక్షల డాలర్లు దాటింది, పది లక్షలు దాటగానే వాటిలో కొన్ని ఆటల సోర్స్ కోడ్ కూడా అందరికీ ఇచ్చేశారు.

కోడ్‌కాపరి · శనివారం ఉదయం 9:40

అదే బండిల్‌ని దొంగతనంగా దింపుకున్నవాళ్ళు నాలుగో వంతు ఉంటారని నిర్వాహకులు వుల్ఫైర్ గేమ్స్ వాళ్ళే రాశారు. ఒక్క సెంటు ఇచ్చినా చాలు అన్నదాన్ని కూడా దొంగిలించారు. సెంటు కోసం ఎవరూ దొంగతనం చేయరు కదా, మరెందుకు? దీని గురించి అప్పట్లో చాలా ఆలోచించాను, ఇప్పటికీ జవాబు లేదు.

పైగా అది ఐదు ఆటల కట్ట. ఒక్కడి ఒక్క ఆట కాదు. ఒక్క ఆట పెట్టి అదే ఫలితం రావాలంటే రాదు.

హాస్టల్_204 · శనివారం మధ్యాహ్నం 1:10

కాపరి అన్నా, ఒక జవాబు నా దగ్గర ఉంది, చెప్పనా. నేను బీటెక్ మూడో సంవత్సరం, కాకినాడ. పోయిన సంవత్సరం ఒక చిన్న ఆట, ఇద్దరు అమ్మాయిలు చేసింది, నాకు ఎంత నచ్చిందంటే రాత్రి రెండింటికి పూర్తిచేసి ఏడ్చాను. ఉచితంగా దింపుకుని ఆడాను, తర్వాత డబ్బు ఇద్దామనుకున్నాను. రెండు డాలర్లు. కార్డు నంబరు వేశాను, డిక్లైన్. బ్యాంకు యాప్‌లోకి వెళ్ళి ఇంటర్నేషనల్ ఆన్ చేశాను, మళ్ళీ డిక్లైన్. నాన్న కార్డు అడిగితే "విదేశీ సైటులో ఎందుకురా, డబ్బు పోతుంది" అన్నారు. బ్యాంకుకి ఫోన్ చేస్తే ఈ రకం కార్డుకి ఆ సదుపాయం లేదన్నారు. నలభై నిమిషాలు పోయాయి రెండు డాలర్లు ఇవ్వడానికి, చివరికి ఇవ్వలేకపోయాను. ఇప్పటికీ ఆ ఇద్దరికీ నేను ఉచితంగా ఆడి వెళ్ళిపోయినవాళ్ళలో ఒకడిని.

జేబులో ఫోన్ ఉంది, రోజూ టీ బండి దగ్గర పది రూపాయలు స్కాన్ చేసి ఇస్తాను. ఆట చేసినవాళ్ళకి ఇవ్వడానికే దారి లేదు.

లెక్కలపుస్తకం · శనివారం మధ్యాహ్నం 2:35

204 చెప్పింది చాలా ముఖ్యమైన విషయం, దీని మీద ఎవరూ మాట్లాడరు. నేను అకౌంట్స్ వైపు మనిషిని కాబట్టి వివరంగా రాస్తాను, కొంచెం పొడుగవుతుంది.

2020 అక్టోబరు నుంచి కొత్తగా ఇచ్చే కార్డుల్లో ఆన్‌లైన్ వాడకమూ విదేశీ వాడకమూ ముందే ఆపి ఉంటాయి, మనం కోరి తెరుచుకోవాలి. ఇది రిజర్వు బ్యాంకు నియమం, మోసాలు ఆపడానికి పెట్టారు, మంచిదే. కానీ ఇంట్లో ఒక్క కార్డు ఉన్న కుర్రాడికి అది తాళం వేసిన తలుపు. 2021 అక్టోబరు నుంచి నెలనెలా దానంతటదే కట్టయ్యే చెల్లింపులకి కొత్త నియమాలు వచ్చాయి, దాంతో అభిమానులు నెలనెలా డబ్బిచ్చే పేట్రియాన్ లాంటి సైట్లకి మన కార్డులు చాలా ఆగిపోయాయి. ఇక పేపాల్, 2021 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో లోపలి లావాదేవీలు మూసేసింది. దాని అర్థం చూడండి. అంకుడుకర్రగారు పేపాల్ ఖాతా పెట్టుకుంటే అమెరికావాడు డబ్బు పంపగలడు, అనకాపల్లివాడు పంపలేడు! ఏటికొప్పాక బొమ్మ మీద ఆట చేసి ఏటికొప్పాక పక్క ఊరివాడి దగ్గర రూపాయి తీసుకోలేని పరిస్థితి.

స్టీమ్‌లో మాత్రం 2015 నుంచి రూపాయల్లో ధరలు ఉన్నాయి, యూపీఐ కూడా తీసుకుంటారు. కానీ అక్కడ తోచినంత ఇవ్వడం కుదరదు, ధర పెట్టాలి లేదా ఉచితం. 30 శాతం వాళ్ళు తీసుకుంటారు. ఆట పెట్టడానికి 100 డాలర్లు కట్టాలి, అమ్మకం 1,000 డాలర్లు దాటితేనే అది వెనక్కి వస్తుంది.

ఇంకొకటి, చిన్న మొత్తాల మీద ఫీజు. కార్డు కంపెనీలు శాతంతోపాటు ప్రతి చెల్లింపుకీ కొంత స్థిరమైన మొత్తం తీసుకుంటాయి. డాలరు ఇస్తే అందులో మూడో వంతు దాకా దారిలోనే పోవచ్చు. అందుకే "ఎంతైనా" అన్నప్పుడు కనీస మొత్తం ఒక రెండు డాలర్లయినా పెట్టుకోకపోతే ఇచ్చినవాడిదీ మీదీ కాకుండా మధ్యవాడి పాలవుతుంది.

అంకుడుకర్ర · శనివారం సాయంత్రం 6:20

ఇదంతా నాకు నిజంగా తెలియదు. ధర ఎంత అని నెల రోజులుగా తల బద్దలుకొట్టుకుంటున్నాను, ఇవ్వాలనుకున్నవాడు ఎలా ఇస్తాడు అని ఒక్కసారి కూడా ఆలోచించలేదు. 204 తమ్ముడూ, నీ పోస్టు రెండుసార్లు చదివాను.

ఏటిగట్టు · శనివారం రాత్రి 9:05

నేను ఆటలు ఆడను. మా అబ్బాయి ఈ దారం చూపించి "నాన్నా, మన ఊరి బొమ్మల మీద ఆటట" అంటే రాస్తున్నాను. మాది లక్కబొమ్మల పనే, ఇరవై ఏళ్ళుగా ఎగ్జిబిషన్లలో స్టాలు పెడుతున్నాను. ధర గురించి నాకు తెలిసిన ఒక్క మాట చెప్తాను.

ఒకసారి ధర చీటీలు ఇంట్లో మర్చిపోయి స్టాలు పెట్టాను. బొంగరం పట్టుకుని ఎంత అని అడుగుతారు, మీరే చెప్పండి అంటే వెంటనే కింద పెట్టేసి వెళ్ళిపోతారు. బేరం కూడా ఆడలేదు, వెళ్ళిపోయారంతే. తక్కువ చెప్తే నన్ను అవమానించినట్టు, ఎక్కువ చెప్తే తాను మోసపోయినట్టు, ఎందుకొచ్చిన టెన్షన్ అని. సాయంత్రానికి ఒక అట్ట ముక్క మీద "బొంగరం చేయడానికి ఒక మనిషికి ఇంత సేపు, లక్కా కర్రా ఖర్చు ఇంత" అని రాసి పెట్టాను, ధర రాయలేదు. అప్పుడు జనం ఆగి చదివారు. చదివినవాళ్ళు చాలామంది నేను చెప్పేదానికంటే ఎక్కువే ఇచ్చి వెళ్ళారు. పని ఎంతో తెలియనివాడికి ధర ఎలా తోస్తుంది బాబూ?

మొగలి ఆకు సంగతి ఆటలో పెట్టావని విని మా వాళ్ళందరికీ చెప్పాను.

రెండోజాము · శనివారం రాత్రి 9:48

ఏటిగట్టుగారూ, మీరు చెప్పినదానికి దగ్గరగా ఒక పరిశోధన ఉంది. 2010లో సైన్స్ పత్రికలో వచ్చింది. ఒక వినోద పార్కులో రైడ్ ఎక్కినవాళ్ళకి వాళ్ళ ఫోటో అమ్ముతారు కదా, అక్కడ లక్ష మందికి పైగా జనం మీద నాలుగు పద్ధతులు ప్రయత్నించారు. మామూలు ధర 12.95 డాలర్లు పెడితే రెండు వందల మందిలో ఒకరు కొన్నారు. మీ ఇష్టం అంటే వందలో ఎనిమిది మంది తీసుకున్నారు, కానీ ఇచ్చింది సగటున డాలరు కూడా లేదు. మీ ఇష్టం, అందులో సగం సేవాసంస్థకి వెళ్తుంది అన్నప్పుడు కొన్నవాళ్ళు సగానికి తగ్గారు, కానీ ఇచ్చింది ఒక్కసారిగా 5 డాలర్లు దాటింది. అన్నిటికంటే లాభం వచ్చింది దానికే.

నాకు ఇందులో ఆసక్తిగా అనిపించేది ఆ తగ్గినవాళ్ళ సంగతి. తక్కువ ఇచ్చి చిన్నబోవడం కంటే కొనకపోవడం మేలనుకున్నారు. మీ స్టాలు దగ్గర బొంగరం కింద పెట్టి వెళ్ళిపోయినవాళ్ళలాగే. అంటే డబ్బు ఎక్కడికి వెళ్తుందో చెప్తే కొందరు పోతారు, ఉన్నవాళ్ళు మనసుపెట్టి ఇస్తారు.

కోడ్‌కాపరి · ఆదివారం ఉదయం 8:30

నేను మరీ కటువుగా మాట్లాడుతున్నానని అనుకోకండి. 2016లో ముగ్గురం కలిసి చిన్న స్టూడియో పెట్టాం. మా ఆటని ఉచితంగా ఇచ్చి విరాళాలు అడిగాం. ఆడినవాళ్ళు పొగిడారు, మెయిళ్ళు రాశారు, ఒకాయన తన కూతురు ఆడుతున్న వీడియో పంపాడు. వచ్చిన డబ్బు మూడు నెలల గది అద్దెకి చాలలేదు. మూసేసిన రోజు కంప్యూటర్లు ఆటోలో ఎక్కించి పంపుతుంటే మా ముగ్గురిలో ఎవరూ మాట్లాడలేదు. అందుకే ఎవరైనా "ప్రేమతో ఇస్తారులే" అంటే నాకు గుండె ఝల్లుమంటుంది.

డ్వార్ఫ్ ఫోర్ట్రెస్ సంగతి చూడండి. టార్న్ ఆడమ్స్, జాక్ ఆడమ్స్, అన్నదమ్ములు. 2006 నుంచి ఆట ఉచితం, విరాళాలతోనే బతికారు. డబ్బు పంపినవాళ్ళకి చేత్తో గీసిన బొమ్మో రాసిన చిన్న కథో పంపేవారు. పదహారేళ్ళు! ఇంత గట్టి అభిమానులున్న చిన్న ఆటలు తక్కువ. అయినా వాళ్ళలో ఒకరికి జబ్బు చేస్తే ఆసుపత్రి ఖర్చులు గుర్తొచ్చి, ఇలా ఎంతకాలం అని చివరికి స్టీమ్‌కి వెళ్ళారు. 2022 డిసెంబరు 6న 30 డాలర్లకి పెట్టారు. మరుసటి జనవరి ఒక్క నెలలో వచ్చింది 70 లక్షల డాలర్ల పైమాటే. ఉచిత వెర్షన్ అప్పటికీ ఉంది, ఇప్పటికీ ఉంది. స్టీమ్ వెర్షన్‌కి బొమ్మలూ సంగీతమూ చేర్చారు, నిజమే, కానీ లోపలి ఆట అదే, పెద్ద తేడా ఏమిటంటే ధర అని ఒక అంకె రాసి ఉంది.

చిత్రలేఖ_వైజాగ్ · ఆదివారం ఉదయం 9:12

కాపరిగారూ, ఆటో మాట చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. మీ ఆట పేరు వీలైతే నాకు పంపండి, ఆడాలనుంది.

కానీ ఒక్కటి అడుగుతాను. ఆ 30 డాలర్లు పెట్టిన రోజున కొన్నవాళ్ళు ఎక్కడి నుంచి వచ్చారు? పదహారేళ్ళు ఉచితంగా ఆడినవాళ్ళూ, వాళ్ళు కథలు చెప్పగా విన్నవాళ్ళూ కదా? ఉచితం వృథా పోలేదు, దానికి చాలా కాలం పట్టింది. అంతకాలం ఆగే స్తోమత మనకి ఉందా అన్నదే అసలు సమస్య.

కోడ్‌కాపరి · ఆదివారం ఉదయం 9:25

అవును. అది ఒప్పుకుంటాను. పేరు మెసేజ్ చేస్తాను.

మంచులోమామిడి · ఆదివారం ఉదయం 10:40

ముందే డబ్బు అడిగే దారి కూడా ఉంది కదా, కిక్‌స్టార్టర్. 2012లో డబుల్ ఫైన్ అనే ఆటల కంపెనీ వాళ్ళు 4 లక్షల డాలర్లు అడిగితే 87,000 మంది కలిసి 33 లక్షలు ఇచ్చారు. కానీ డబ్బు పెరిగేకొద్దీ ఆట కూడా పెరిగి, ఆ డబ్బు కూడా చాలక, సగం ఆట 2014లో ఇచ్చి దాని అమ్మకాల మీద మిగతా సగం 2015లో పూర్తిచేశారు. అండర్‌టేల్ అనే ఆట అయితే 5,000 డాలర్లు అడిగి 51,000 తెచ్చుకుని 2015లో చక్కగా బయటికొచ్చింది. అడిగింది చిన్నది, చేసింది తనకి చేతనైనంత.

మన దేశం నుంచి నేరుగా కిక్‌స్టార్టర్ పెట్టుకునే వీలు లేదు. పుణే నుంచి రాజీ అనే ఆట చేసినవాళ్ళు 2017లో అక్కడ ప్రయత్నించారు, అనుకున్న మొత్తం రాలేదు. తర్వాత పబ్లిషర్ దొరికి 2020లో ఆట తెచ్చారు. అంకుడుకర్ర ఆట ఎలాగూ పూర్తయింది కాబట్టి ఇది అక్కర్లేదులెండి, ఇంకెవరికైనా పనికొస్తుందని రాశాను.

చిత్రలేఖ_వైజాగ్ · ఆదివారం మధ్యాహ్నం 12:05

అంకుడుకర్రా, ఇంకో మాట. నీ స్నేహితుడు సంగీతం ఉచితంగా చేశాడన్నావు. నువ్వు "మీకు తోచినంత" అని పెట్టే ముందు అతన్ని అడిగావా? నీ పనికి ధర వద్దనుకునే హక్కు నీకుంది, అతని పనికి లేదు. నాకు ఒకసారి ఇలాగే జరిగింది, పదకొండు బొమ్మలు గీశాను, ఆట విరాళాల మీద పెడుతున్నామని విడుదల రోజున తెలిసింది. గొడవ పడలేదు, కానీ మళ్ళీ వాళ్ళకి పని చేయలేదు.

అంకుడుకర్ర · ఆదివారం మధ్యాహ్నం 3:50

అక్కా, ఇప్పుడే వాడికి ఫోన్ చేసి గంట మాట్లాడాను. వాడు "నువ్వు అడుగుతావని రెండేళ్ళుగా చూస్తున్నా" అన్నాడు. ఏం చెప్పాలో తెలియలేదు. వచ్చినదాంట్లో మూడో వంతు వాడిది అని అనుకున్నాం, కాగితం మీద రాసి ఇద్దరం సంతకం పెడుతున్నాం.

రెండోజాము · ఆదివారం సాయంత్రం 5:15

మంచి పని చేశావు. ఇప్పుడు పనిలోకి వద్దాం. ఇచ్‌లో మూడు రకాలుగా పెట్టొచ్చు. పూర్తిగా ఉచితం, కనీస ధర పెట్టి ఆపైన ఎంతైనా, లేదా కనీసం సున్నా పెట్టి ఇంత ఇస్తే బాగుంటుంది అని ఒక అంకె చూపడం. సైటుకి ఎంత వాటా ఇవ్వాలో కూడా నువ్వే నిర్ణయించుకోవచ్చు. మామూలుగా 10 శాతం ఉంటుంది, సున్నా కూడా పెట్టుకోనిస్తారు. తమకి కూడా తోచినంత ఇవ్వమనే అడిగే దుకాణం ఇదొక్కటే నాకు తెలిసి. 2020 జూన్‌లో జాతి న్యాయం కోసం వాళ్ళు పెట్టిన బండిల్‌లో కనీసం 5 డాలర్లు అడిగితే 8 లక్షల మందికి పైగా ఇచ్చారు, 80 లక్షల డాలర్లు దాటింది.

నా సలహా, రెండుగా విడగొట్టు. సెలెస్ట్ చూడు, నాలుగు రోజుల్లో చేసిన చిన్న ఉచిత ఆటగా మొదలైంది, జనం ఇష్టపడ్డాక 2018లో పెద్ద ఆటగా ధరకి వచ్చింది. నీ దగ్గర ఏడు బొమ్మలున్నాయి. ఒకటో రెండో బొమ్మలు ఇచ్‌లో తోచినంతకి ఇవ్వు. ఏడూ కావాలంటే స్టీమ్‌లో ధర.

కోడ్‌కాపరి · ఆదివారం సాయంత్రం 5:40

దీనికి నా ఓటు. ధర ఉంది కాబట్టి.

లెక్కలపుస్తకం · ఆదివారం సాయంత్రం 6:02

ఆ ఉచిత భాగంలో చివర్న యూపీఐ క్యూఆర్ పెట్టండి. దానికి వేరే బ్యాంకు ఖాతా తెరవండి, జీతం పడే ఖాతా వద్దు. స్కాన్ చేసినవాళ్ళకి మీ అసలు పేరు కనబడుతుంది, అది మీకు ఇబ్బంది లేదో చూసుకోండి. వచ్చిన ప్రతి రూపాయి రాసుకోండి, సంవత్సరం చివర ఆదాయంలో చూపించాలి. స్టీమ్ వెర్షన్‌లో మాత్రం ఆ క్యూఆర్ వద్దు.

అంకుడుకర్ర · ఆదివారం రాత్రి 10:30

అలాగే చేస్తున్నాను. బొంగరం, చిలక, ఈ రెండు బొమ్మలు ఉచితం. చిలకకి మొగలి ఆకు రుద్దడం అయ్యాక, మెరుస్తున్న బొమ్మ పక్కన ఈ మాటలు వస్తాయి. చూసి చెప్పండి:

"ఈ చిలకని తిప్పడం, రంగు పట్టించడం కోడులో రాయడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. మీరు వింటున్న సంగీతం నా స్నేహితుడిది. వచ్చే డబ్బు మా ఇద్దరిదీ, మూడింట రెండు వంతులు నాకు, ఒక వంతు వాడికి. చాలామంది 50 రూపాయలు ఇస్తారు. మీకు తోచినంత ఇవ్వండి."

ఏటిగట్టు · ఆదివారం రాత్రి 10:55

బాగుంది. "చాలామంది 50 ఇస్తారు" అనకు. ఇంకా ఎవరూ ఇవ్వలేదు కదా. అబద్ధం రాయొద్దు. "50 రూపాయలైతే మాకు సంతోషం" అని రాయి.

అంకుడుకర్ర · ఆదివారం రాత్రి 11:01

మార్చేశానండి. మీరు చెప్పింది నిజం.

అంకుడుకర్ర · మూడు వారాల తర్వాత, బుధవారం రాత్రి 9:15

ఏమైందో చెప్తున్నాను. రెండు బొమ్మల ఆటని 640 మంది దింపుకున్నారు. క్యూఆర్ ద్వారా 41 మంది ఇచ్చారు. ఎక్కువమంది ఇచ్చింది 50. రూపాయి ఇచ్చినవాళ్ళు ముగ్గురు, పని చేస్తోందో లేదో చూడ్డానికి అయ్యుంటుంది. 116 ఇచ్చినవాళ్ళు ఐదుగురు! చిత్రలేఖ అక్కా, మీరు చెప్పిన నూట పదహార్లే, నేను ఎక్కడా ఆ అంకె రాయలేదు. ఇచ్‌లో బయటి దేశాల నుంచి తొమ్మిది మంది, ఒకరు 20 డాలర్లు. మొదటి వాటా స్నేహితుడికి నిన్న పంపాను. ఉద్యోగం మానేసేంత కాదు, దానికోసం చేయలేదు కూడా. స్టీమ్ పేజీ తయారవుతోంది, ఏడు బొమ్మలకి 199 పెడుతున్నాను, ఈసారి భయం లేదు.

హాస్టల్_204 · బుధవారం రాత్రి 9:48

అన్నా, 50 నేనూ ఇచ్చాను, పది సెకన్లు పట్టింది. ఒక విషయం, చిలక ముక్కుకి ఎరుపు వేసి వెంటనే వెనక్కి వెళ్ళి మళ్ళీ వస్తే రంగు రెండు పొరలుగా పడుతోంది, మొగలి ఆకు రుద్దినా మెరవడం లేదు. నా ఫోన్ పాతది, దానివల్లనా?

అంకుడుకర్ర · బుధవారం రాత్రి 9:55

నీ ఫోన్ వల్ల కాదు, నా తప్పే. వెనక్కి వెళ్ళినప్పుడు పాత పొరని తీసేయడం లేదు. వీలైతే స్క్రీన్ రికార్డ్ చేసి పంపు తమ్ముడూ, ఈ రాత్రికే సరిచేస్తాను.